వామికి పడమటి పక్క

పోయిన వారం భార్గవిని నరసరావుపేట ఆసుపత్రిలో డ్రెస్సింగ్ గది బయట నిలబెట్టి వెళ్ళిపోయాను. లోపల మొగుడి కేకలు, బయట ఆ పిల్ల ఒక్కతే. అలా వదిలేసి పోవడానికి మనసెలా ఒప్పిందని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఒప్పలేదు. పేజీ అయిపోయింది, అంతే. ఈ వారమంతా నాకూ ప్రాణం ఆ గుమ్మం దగ్గరే కొట్టుకుంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకి పోదాం. గురజాల దగ్గర పల్లెటూళ్ళో భరత్ వాళ్ళది పలుకుబడి ఉన్న కుటుంబం. తండ్రి పుల్లారావు ఒకప్పుడు సర్పంచి, మళ్ళీ ఒకసారి కావాలని ఆయన కోరిక. భరత్‌కి ఆ గొడవలేవీ పట్టవు. మిరపతోట, ట్రాక్టరు, గేదెలు, భార్గవి. అదే అతని లోకం. భార్గవి మాచర్లలో పుట్టింటికి వెళ్ళిన రోజున సాగర్ కాలవ కట్ట మీద ట్రాక్టరు తిరగబడిందనీ, భరత్ కాలు నుజ్జయిందనీ కబురొచ్చింది. పుల్లారావు కొడుకుని తనకి తెలిసిన ఒక చిన్న నర్సింగ్ హోముకి తీసుకుపోయాడు. వాళ్ళు పైపైన కడిగి, కుట్లేసి, కట్టు కట్టి పడుకోబెట్టారు. కుట్ల కింద కాలు కుళ్ళింది. ఒళ్ళు తెలియని జ్వరంతో నరసరావుపేట తెచ్చాక, ఎముకల డాక్టరు తహసీన్ ఆ కుట్లు విప్పి, చచ్చిన కండ కోసేసి, మోకాలి కింద విరిగిన ఎముకకి బయటనుంచి ఇనప రాడ్లు బిగించింది. మళ్ళీ మళ్ళీ థియేటరుకి తీసుకెళ్ళి కడిగింది. జ్వరం తగ్గినట్టే తగ్గుతుంది, తిరిగి వస్తుంది. కాలు నిలుస్తుందా పోతుందా అన్న దగ్గర మనం ఆగాం.

తలుపు తెరుచుకుంది. నర్సు ప్రత్యూష చేతిలో ట్రే, ట్రే మీద తడిగుడ్డ. ఆమె వెనకే ఆ వాసన వచ్చింది. మొదట్లో భార్గవి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు పెట్టుకోవడం మానేసింది. తన మొగుడి ఒంటి వాసన అదే అయిపోయిందని ఆ పిల్లకి ఏడుపొస్తుంది, పైకి ఏడవదు.

"డాక్టరు గారు రమ్మంటున్నారక్కా. నిన్నొక్కదాన్నే. మీ మామగారికి చెప్పొద్దన్నారు," అంది ప్రత్యూష గొంతు తగ్గించి.

తహసీన్ గదిలో చేతులు కడుక్కుంటోంది. మాట కరుకు, చెయ్యి మెత్తన అని వార్డులో ఆమెకి పేరు. భార్గవిని చూసి కుర్చీ చూపించింది. ప్రత్యూష ట్రే బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

"ఇన్‌ఫెక్షన్ మోకాలి దగ్గరికి వచ్చింది. రేపు పొద్దున కాలు తీసేద్దామనుకుంటున్నా. మోకాలి పైకి."

'తీసెయ్యాల్సి రావచ్చు' అన్న మాట భార్గవి ఇంతకు ముందూ విన్నది. ఇవాళ 'రావచ్చు' లేదు. కుర్చీ అంచు పట్టుకుంది. మిరపతోట సాళ్ళలో భరత్ నడక గుర్తొచ్చింది. 

"అయితే నాకో సంగతి అర్థం కావట్లేదు. అందుకే పిలిచాను," అని తహసీన్ ట్రే మీద గుడ్డ తీసింది. నల్లటి పోగొకటి, మెలికలు తిరిగి, చీములో నానిపోయి ఉంది. "ఇది ఇవాళ మీ ఆయన పిక్కలోంచి వచ్చింది. ఎముక వెనకాల, బాగా లోతులో. ఏంటిది?"

"కట్టుగుడ్డ పోగేమోనండీ."

"కాదు. పురికొస. కాలిన పురికొస."

"ట్రాక్టర్లో మిరపకాయల గోతాలున్నయ్యేమోనండీ. గోతాలు కుట్టే పురికొస..."

"ట్రాక్టరు తొక్కితే కండ నలుగుతుందమ్మా. దారం ఎముక వెనక్కి వెళ్ళి కూర్చోదు." తహసీన్ ఆమెనే చూస్తోంది. "ఇంకోటి. ఆయనకి వినపడట్లేదని నాకెవరూ చెప్పలేదేం?"

"నీరసం అన్నారండీ మా మామయ్య. జ్వరానికి చెవులు దిబ్బడేస్తయ్యంట గదా. కేకేసి చెబితే వింటన్నాడు."

"ఇవాళ చెవుల్లోకి లైటేసి చూశాను. రెండు చెవుల్లోనూ పొర చిరిగిపోయింది. ట్రాక్టరు కింద పడితే కాలు విరుగుతుంది, తుంటి విరుగుతుంది, తల పగులుతుంది. రెండు చెవుల పొరలూ ఒకేసారి చిరగవు. పక్కనే ఏదన్నా పేలితే చిరుగుతాయి." "నా పొరపాటూ ఉంది. ట్రాక్టరు అన్నారు, కాలు చూపించారు. నేను కాలే చూశాను," అంది.

భార్గవికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. అలాంటివాళ్ళకి ఎదుటివాళ్ళ అబద్ధం పట్టుకోవడమూ రాదు. అయినా ఇప్పుడు కళ్ళ ముందు ఒకటి తిరిగింది. మొన్న బట్టల కోసం ఇంటికి వెళ్ళినప్పుడు ట్రాక్టరు వాకిట్లోనే ఉంది, పాలేరు కడుగుతున్నాడు. బంపరు దగ్గర్నుంచి మడ్‌గార్డు దాకా ఎక్కడా గీత లేదు. 'అమ్మయ్య, బండికేం కాలేదు' అనుకుని ఆ పిచ్చిది సంతోషపడింది కూడా. తిరగబడిన ట్రాక్టరుకి గీత ఎందుకు లేదన్న ఆలోచనే రాలేదు. మొగుడు మంచంలో ఉంటే ఎవరికి మాత్రం వస్తుంది?

"నాకేం తెలవదండీ. నేను ఆ రోజు ఊళ్ళోనే లేను," అంది. 

"నమ్ముతాను. తెలిసినవాళ్ళని అడిగి రండి." తహసీన్ ఎక్స్‌రే ఫిల్మ్ లైటు మీద పెట్టింది. "పేలుడులో దూరినవి గాయం ఉన్నచోటే ఉండవు. కండల మధ్య సందులు పట్టుకుని పైకీ పక్కకీ పోతాయి. ఇదిగో, ఈ చుక్కలు కంకర. కట్ట మీద కంకర అనుకుని పైకి దొరికింది తీసేశాను. పురికొస, గుడ్డలాంటివి ఫిల్మ్‌లో పడవు. అవి లోపలున్నన్నాళ్ళూ ఎంత మందు ఎక్కించినా చీము ఆగదు. అందులో ఏమేం పెట్టారో, పేలినప్పుడు ఆయన ఎటు తిరిగి ఉన్నాడో తెలిస్తే, ఆ దారి వెంట తెరిచి వెతుకుతాను. నిలబెడతానని మాటివ్వను. ప్రయత్నం మాత్రం చెయ్యొచ్చు. తెలియకపోతే చీకట్లో కోసుకుంటూ పోలేను. కాలు తీసేసి మనిషిని కాపాడతాను."

"చెబితే... పోలీసులు?"

"నేనే ఫోన్ చేస్తాను. అది నా డ్యూటీ. మీ దగ్గర దాచి చెయ్యను, అందుకే ముందే చెబుతున్నా."

భార్గవి లేచింది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "రేపు అన్నారు గదా. రేపటిదాకా ఆగుద్దా అండీ?" అని అడిగింది.

"మీరు త్వరగా వస్తే ఇవాళే మొదలుపెడతా," అంది తహసీన్.

ఆసుపత్రి ఆవరణలో కారు పక్కన నిలబడి పుల్లారావు ఫోన్లో ఉన్నాడు. ఊళ్ళో ఏదో వార్డులో ఎవరు మనవైపు, ఎవరు కాదు, అదీ మాట. కొడుకు లోపల కుళ్ళిపోతుంటే ఆ మనిషికి ఓట్లెలా గుర్తుంటాయో నాకైతే తెలియదు. అలాగని కొడుకంటే ప్రేమ లేదనడానికి లేదు. పగలంతా ఇక్కడే ఉంటాడు, రక్తం కావాలంటే ఊరినుంచి కుర్రాళ్ళని కారులో వేసుకొస్తాడు, భరత్ అన్నం తినకపోతే తనూ తినడు. రెండూ ఆయనే. వెనక సీట్లో ఆయన భార్య వీరరాఘవమ్మ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

భార్గవి నేరుగా ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మామయ్యా, ఏం పేలింది?"

పుల్లారావు ఫోను చెవి దగ్గర్నుంచి తీసేశాడు. "ఎవరు చెప్పారు నీకు?"

'పేలడమేంది' అని అడిగి ఉంటే భార్గవి ఇంకా అనుమానంలోనే ఉండేది. ఎవరు చెప్పారని అడిగాడు. ఆ పిల్లకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. 

"కారెక్కు. అద్దాలేసుకోని మాట్టాడుకుందాం."

"నేనెక్కను. ఇక్కడే చెప్పండి."

"ఏమ్మాయ్, చుట్టూ జనం ఉన్నారు. మెల్లగా మాట్టాడు."

"మెల్లగా మాట్టాడే రోజులు అయిపోయినయ్యి మామయ్యా. రేపు పొద్దున కాలు తీసేస్తారంట. ఏం పేలిందో చెబితే ఆపే దారుందంట. చెప్పండి."

పుల్లారావు ముఖం మీద చెమట తుడుచుకున్నాడు. కారు డోరుకి ఆనుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. అన్నాళ్ళు గొంతులో అడ్డం పడి ఉన్నది బయటికి రావడానికే చూస్తున్నట్టుంది.

"వామిలో పెట్టాం. నాటు బాంబులు. ఎలక్షన్లొస్తన్నయ్యి, అవతలోళ్ళు పొద్దస్తమానం మన వీధిలోనే తిరుగుతున్నారు. మీదకొస్తే చేతులు కట్టుకోని కూచుంటామా? ఊరికే ఉంచాం. వాడాలని గాదు."

"మన గడ్డివామిలోనా? గేదెలకి రోజూ పీకే వామిలోనా?"

"పడమటి పక్కన పెట్టానే. మనం తూర్పు నుంచి గదా పీకేది!"

ఇక్కడ నేను కాస్త ఆగాలి, పట్నంలో పుట్టినవాళ్ళకి ఈ లెక్క తెలియదు. వామిని రెండు పక్కలా పీకరు. ఒక పక్క మొదలుపెడితే అదే పక్కనుంచి తింటూ పోవాలి. రెండో పక్క చెయ్యి పెడితే వామి కుంగుతుంది, వాన నీళ్ళు నడుములోకి దిగి గడ్డంతా బూజు పడుతుంది. ఆ ఇంట్లో పుల్లారావు తాత కాలం నుంచీ తూర్పు పక్కే. పడమటి పక్కకి వచ్చేసరికి ఎండాకాలం అయిపోతుంది, ఆపాటికి ఎలక్షన్లూ అయిపోతాయి, తీసి ఎక్కడో పారెయ్యొచ్చు. ఇదీ ఆ పెద్దమనిషి వేసుకున్న లెక్క. ఇనప్పెట్టెకి తాళం వేసినంత ధీమాగా, ఇంటి ఆచారాన్ని నమ్ముకుని కొడుకు చెయ్యి పడేచోట చావుని దాచాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఏమనుకోకండి.

"అకాల వాన పడింది గదా ఆ వారం," అన్నాడు పుల్లారావు. "తూర్పు పక్కంతా నానింది. తడిగడ్డి గేదెలు ముట్టలా. వీడు పొడిగడ్డి కోసం అటు పోయాడు. నేను అరుగు మీదే ఉన్నా భార్గవీ. చూశా. గడ్డి పీక్కోని వెనక్కి తిరిగాడు, వామిలోంచి ఒకటి జారి కాలి వెనకాల పడింది. ఒరేయ్ అన్నా. ఒరేయ్ అనేలోపే..."

 ఏడుపు దాచుకోవడానికి తల కారు వైపు తిప్పుకున్నాడు.

భార్గవికి ఆయన మీద జాలి కలిగింది. ఎందుకు అబద్ధమాడాలి, కలిగింది. ఒక్క క్షణమే.

"నర్సింగ్ హోములో నిజం చెప్పుంటే ఆ రోజే తీసేవాళ్ళు గదా మామయ్యా ఆ ముక్కలన్నీ. ట్రాక్టరని చెప్పి పైన కుట్లేయించారు. లోపలేసి మూసింది డాక్టర్లు కాదు, మీ అబద్ధం. ఇప్పుడన్నా చెప్పండి."

"చెబితే ఏమవుద్దో తెలుసా నీకు? నేనొక్కణ్ణే పోను. పేలింది వాడి కాలి దగ్గర. కేసులో మొదటి పేరు వాడిదే రాస్తారు. కాలు విరగ్గొట్టుకోని జైల్లో పడుకుంటాడా నీ మొగుడు? కాలు పోతే పోయిందిలే, పెట్టుడు కాలు పెట్టిద్దాం. ఇప్పుడు చానా మంచియ్యి వచ్చినయ్యంట, పరిగెత్తే కాళ్ళు గూడా ఉన్నయ్యంట. నేను పెట్టిస్తా. నా కొడుకుని నేను సాకుతా. నువ్వు మాత్రం నోరిప్పమాక."

 కేసులో భరత్ పేరు వస్తుందని భార్గవి అనుకోలేదు. నిజమే అయ్యుండొచ్చు. కాలు నిలబెట్టి మనిషిని జైలుకి పంపడమా, కాలు తీయించి ఇంటికి తెచ్చుకోవడమా? ఆ పిల్ల వయసుకి ఇదా ఆలోచించాల్సింది?

అప్పటిదాకా కారులో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న వీరరాఘవమ్మ డోరు తెరుచుకుని కిందికి దిగింది. మొగుడి వైపు చూడలేదు.

"వాణ్ణడుగమ్మాయ్. కాలు వాడిది. మనం బేరాలాడుకునేదేంది?" అంది.

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు పుల్లారావు. ఆవిడ అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యి వార్డు కాస్త సద్దుమణిగి ఉంది. పక్క మంచం మీద లారీ మీంచి పడ్డ దాచేపల్లి మనిషికి అతని కూతురు బత్తాయి వలిచి పెడుతోంది. గోడవార మంచాల దగ్గర మనుషులు చాపలేసుకుని కునుకుతున్నారు. భరత్ మెలకువగానే ఉన్నాడు. పొట్టేలులాంటి మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. దుప్పటి మీద కాలు మాత్రం ఇనప రాడ్లతో ఎత్తుగా కనిపిస్తోంది. ఆ కాలు తనది కాదన్నట్టు అతను ఎప్పుడూ కిటికీ వైపే చూస్తాడు.

భార్గవి వంగి చెవిలో అడిగింది. "బావా, ఆ రోజు ఏం జరిగింది?"

"ఆఁ?" అన్నాడు భరత్, వార్డంతా తిరిగి చూసేటట్టు. తన గొంతు తనకి వినపడక ఈమధ్య అలాగే మాట్లాడుతున్నాడు.

ఇంకొంచెం గట్టిగా అడిగింది. మళ్ళీ "ఆఁ?"

ఫోన్లో రాసి చూపించొచ్చు గదా అంటారు. చూపించొచ్చు. ఎవరూ వద్దనలేదు. కానీ ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ అందరూ గుసగుసలే. తనని చూడగానే మాట మార్చడాలే. ఆ గుసగుసల మధ్య తన మొగుడి కాలు కుళ్ళిపోయింది. భార్గవికి ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది. నిటారుగా నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి అరిచింది.

"బావా! వామిలో బాంబు పేలిందా?"

దాచేపల్లి మనిషి కూతురి చేతిలో బత్తాయి తొన అలాగే ఆగిపోయింది. చాపల మీదివాళ్ళు లేచి కూర్చున్నారు. తలుపు దగ్గర పుల్లారావు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

భరత్ ఉలిక్కిపడ్డాడు. ముందు భార్గవిని చూశాడు, తర్వాత ఆమె భుజం మీంచి తండ్రిని చూశాడు.  మణికట్టు పట్టుకుని ఆమెని దగ్గరికి లాక్కున్నాడు. ఆమె చెవి దగ్గరికి నోరు తెచ్చి, ఎవరికీ వినపడకూడదని ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు.

"కాలు తీసెయ్యమను. నాన్న పేరు చెప్పమాక. ఆయన జైలుకి పోతే బతకడే. నాకు అన్నీ గుర్తున్నయ్యి. ఎవరడిగినా ట్రాక్టరనే చెబుతన్నా. నువ్వూ అదే చెప్పు. కాలు పోతే పోయిందిలే."

రహస్యంగానే చెప్పాననుకున్నాడు పాపం. ఆ మాటలు వార్డు దాటి నడవలోకి వినపడ్డాయి.

భార్గవి అతని ఛాతీ మీద తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్ళూ నొప్పికి అరిచాడు, జ్వరానికి వణికాడు, థియేటరుకి తీసుకెళ్ళేటప్పుడు పసిపిల్లాడిలా ఆమె కొంగు పట్టుకున్నాడు. అంత బాధలోనూ ఈ మాట ఒక్కటి పళ్ళ బిగువున దాచుకున్నాడు. ఎవరి కోసం? వామిలో అది పెట్టినవాడి కోసం. ఈ మనిషిని తిట్టాలో మొక్కాలో ఆ పిల్లకి తెలియలేదు. పుల్లారావు తలుపు దగ్గర అలాగే గోడ వెంట జారి నేల మీద కూర్చుండిపోయాడు. తెల్ల చొక్కా నలిగిపోతుందని చూసుకోలేదు, జనం చూస్తున్నారని చూసుకోలేదు.

నడవలోంచి తహసీన్ వచ్చింది. వెనకే ప్రత్యూష.

"విన్నాను," అంది డాక్టరు. ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదది. మంచం దగ్గరికొచ్చి భరత్ కాలి వేళ్ళు ఒక్కొక్కటే తాకి చూసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పేలినప్పుడు అతను వామికి వీపు పెట్టి ఉన్నాడని భార్గవి చెప్పింది. "ప్రత్యూషా, థియేటరుకి చెప్పు. రేపు కాదు, ఇప్పుడే. ఆయనకి ఇంక ఏమీ పెట్టొద్దు, మంచినీళ్ళు కూడా." ఆ తర్వాత పుల్లారావు వైపు తిరిగింది. "స్టేషన్‌కి నేను ఫోన్ చెయ్యాలి, చేస్తాను. వాళ్ళొచ్చేలోపు మీరు నాకో మాట చెప్పాలి. కంకర కాక ఇంకా ఏముంది అందులో? నేను దేని కోసం వెతకాలి?"

"నాకు తెలవదు," అన్నాడు పుల్లారావు నేల చూస్తూ.

"పెట్టింది మీరే గదా."

"పెట్టింది నేనే. కట్టింది నేను గాదు."

"మరి ఎవరు? ఆ మనిషికి ఫోన్ చెయ్యండి. పేరు నాకక్కర్లేదు. లోపలేముందో చెబితే చాలు."

పుల్లారావు పెదాలు బిగించుకున్నాడు. భార్గవి ఆయన వైపు తిరిగింది.

"అంతా బయటపడిపోయింది గదా మామయ్యా! ఇంకా ఎవర్ని కాపాడుతున్నారు? కన్నకొడుకు కంటే ఎక్కువైనోడు ఎవడాయన?"

ఆయన తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళు. తల అడ్డంగా ఊపాడు. సర్పంచిగిరీ చేసినన్నాళ్ళూ ఎవరినీ బతిమాలని మనిషి, కోడలి ముందు రెండు చేతులూ జోడించాడు. అడగొద్దన్నట్టు.

వీరరాఘవమ్మ క్యారియరు కింద పెట్టింది. మంచం దగ్గరికొచ్చింది.

"ఆయన చెప్పడు డాక్టరమ్మా. నేను చెబుతా. కంకర, పగిలిన సీసా పెంకులు. వాటి మీద గుడ్డ. వీడిదే పాత లుంగీ, నీలం గళ్ళది, చింపి చుట్టాం. దాని మీద పురికొస. ముక్కలు చానా ఉంటయ్యి. గుడ్డ ముక్కలు బాగా ఎతకండి, గుడ్డే ఎక్కువ."

తహసీన్ ఆవిడ వైపు తిరిగింది. "మీకెలా తెలుసమ్మా?"

"ఇద్దరు మనుషులొచ్చి సరంజామా దించిపోయారు. ఆయనకి చెయ్యి వణుకుద్ది. నాకు గోతాలు కుట్టిన చేతులు, బిగువు బాగా వస్తదని నా ముందు పెట్టాడు. వంటింట్లో కూచోని చుట్టా. గట్టిగా చుట్టా." ఆవిడ కళ్ళలో ఒక్క చుక్క తడి లేదు. కొడుకు కాలి మీదినుంచి చూపు తిప్పుకోవడం లేదు. "నా బిడ్డ కండలో ఉన్న పురికొస నేను చుట్టిందేనమ్మా."

భార్గవి ఆవిడ చేతుల వైపు చూసింది. అత్తగారు రోజూ ఆ చేతులతోనే ముద్దలు కలిపి భరత్‌కి తినిపిస్తోంది. పుల్లారావు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎవరిని కాపాడాలని చూశాడో ఇప్పుడు అందరికీ తెలిసింది.

భరత్‌కి మాత్రం ఒక్క మాటా వినపడలేదు. తల్లి పెదాలు కదలడం చూశాడు, తండ్రి ఏడవడం చూశాడు, డాక్టరు ముఖం చూశాడు. ఏదో మంచిమాటే అయ్యుంటుందనుకున్నాడో ఏమో, కాలు నిలబడుతుందేమోనన్న ఆశ ఆ ఎండిపోయిన ముఖంలోకి వచ్చింది. భార్గవి చెయ్యి పట్టుకుని గుంజాడు.

"అమ్మ ఏమంటందే?" అని అడిగాడు.

అరిచి చెబితే తప్ప అతనికి వినపడదు. తల్లి అక్కడే, మంచం పక్కనే నిలబడి ఉంది.